పిల్లల ఒంటిపై ముత్యాల సరంలా బొబ్బలు: లీనియర్ ఐజీఏ వ్యాధి నిర్ధారణ ఎక్కడ ఆలస్యమవుతోంది?

సంక్షిప్తంగా: లీనియర్ ఐజీఏ వ్యాధి పిల్లల్లో అరుదుగా వచ్చే ఆటో ఇమ్యూన్ చర్మవ్యాధి. చర్మపు పై పొరను కింది పొరకు అంటిపెట్టి ఉంచే ప్రొటీన్ మీద శరీరం తయారుచేసుకున్న ఐజీఏ రకం యాంటీబాడీలే చేరడంతో ఆ రెండు పొరలూ విడిపోయి, మధ్యలో నీరు చేరి బొబ్బలవుతాయి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. బొబ్బ పక్క చర్మం నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని సరైన ద్రవంలో ఉంచి ప్రయోగశాలకు పంపినప్పుడే కచ్చితంగా తేలుతుంది. డాప్సోన్ మాత్రతో ఎక్కువ మంది పిల్లల్లో బొబ్బలు అదుపులోకి వస్తాయి, కాని ఆ మాత్రకు ముందు, ఎర్రరక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము సరిగా ఉందో లేదో చూసే రక్తపరీక్ష తప్పనిసరి.

అమ్మవారా, సర్పా, గజ్జా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మూడేళ్ల పిల్లవాడి పొత్తికడుపు మీద, తొడల మీద నీటి బొబ్బలు లేస్తే ఇంట్లో పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట అమ్మవారు పోసిందనే. గుమ్మానికి వేపమండలు కడతారు, ఇంట్లో తాలింపు పెట్టడం మానేస్తారు, నీసు ముట్టరు, పిల్లవాడికి తలకు నీళ్లు పోసే రోజు కోసం ఎదురుచూస్తారు. ఆటలమ్మ విషయంలో ఈ పద్ధతి వల్ల పెద్దగా చెడు జరగదు, ఎందుకంటే ఆటలమ్మ పది రోజులు అటూఇటుగా దానంతటదే తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా కొత్త బొబ్బలు లేస్తూనే ఉన్నప్పుడు మాత్రం అనుమానం సర్పి మీదికి మళ్లుతుంది. పసరు రాసేవారి దగ్గరికో, మంత్రం వేసేవారి దగ్గరికో ప్రయాణం మొదలవుతుంది. అక్కడా తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గజ్జి మందు, ఆ తరవాత మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న ట్యూబు. ఇలా ఒక్కో పేరుకు కొన్నేసి వారాలు పోయేసరికి చర్మ వైద్యుణ్ని చూసేలోగా మూడు నాలుగు నెలలు గడిచిపోతాయి.

ఇందులో తల్లిదండ్రుల తప్పు ఏమీ లేదు. పిల్లల్లో నీటి బొబ్బలు తెచ్చేవి చాలావరకు నిజంగానే అంటువ్యాధులో, పురుగు కాట్లో, కాలిన గాయాలో అవుతాయి. లీనియర్ ఐజీఏ వ్యాధి అసలు ఎంత అరుదో ఒక లెక్క చూస్తే అర్థమవుతుంది. పశ్చిమ ఐరోపాలో పెద్దలు, పిల్లలు కలిపి పది లక్షల జనాభాకు ఏడాదికి సుమారు అర కేసు అని అంచనా. 2011 జనగణన ప్రకారం అప్పటి ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు, విజయనగరం 23 లక్షలకు పైన. అదే నిష్పత్తి ఇక్కడా ఉందనుకుంటే రెండు జిల్లాల్లోనూ కలిపి ఏడాదికి ఇద్దరో ముగ్గురో కొత్త రోగులు. ఆఫ్రికా, ఆసియా దేశాల ఆసుపత్రుల నివేదికల్లో పిల్లల వాటా ఐరోపాలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఈ సంఖ్య కొంత పెరగవచ్చు. అయినా ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే వైద్యుడు తన ఉద్యోగకాలం మొత్తంలో ఒక్క కేసు కూడా చూడకపోవడం సహజం. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించే బృందాల జాబితాలో చర్మం కింద ఉన్నవి గజ్జి, తామర వంటి ఫంగస్ జబ్బులు, ఎగ్జిమా. ఎక్కువ మందిని పట్టి పీడించేవి అవే కనుక ఆ ఎంపిక సబబే. అయితే అరుదైన జబ్బు ఆ జల్లెడలోంచి జారిపోతుంది.

చర్మం ఎక్కడ విడిపోతుంది

ఈ వ్యాధిని అర్థం చేసుకోవడానికి బొబ్బ లోపల ఏం జరుగుతోందో చూడాలి. చర్మానికి పైన బాహ్యచర్మం, కింద అంతశ్చర్మం అని రెండు ప్రధాన పొరలు. ఈ రెండింటి మధ్య కంటికి కనబడనంత పల్చని ఆధారపు పొర ఒకటి ఉంటుంది. పై పొరలో అట్టడుగు వరుస కణాల నుంచి సన్నని ప్రొటీన్ పోగులు ఈ ఆధారపు పొరలోకి దిగి, మేకు దిగ్గొట్టినట్టు రెండు పొరలనూ కలిపి ఉంచుతాయి. ఆ పోగుల్లో ముఖ్యమైనది పదిహేడో రకం కొల్లాజెన్. శరీరంలోని కొన్ని ఎంజైములు ఈ కొల్లాజెన్ వెలుపలి కొసను కత్తిరించి ముక్కలుగా విడుదల చేస్తుంటాయి. అది సహజంగా జరిగే పనే. లీనియర్ ఐజీఏ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థ ఆ ముక్కలను పరాయివిగా పొరపడి, వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలను తయారుచేస్తుంది.

యాంటీబాడీల్లో చాలా రకాలున్నాయి. ఇక్కడ పనిచేసేది ఐజీఏ రకం. మామూలుగా నోరు, ముక్కు, పేగుల లోపలి తడి పొరలను సూక్ష్మక్రిముల నుంచి కాపాడే రకం ఇది. ఈ వ్యాధిలో అది చర్మపు ఆధారపు పొర వెంట, గోడకు సున్నం గీత గీసినట్టు, ఒకే వరుసలో పేరుకుంటుంది. లీనియర్ అన్న పేరు ఆ గీతను చూసి పెట్టిందే. ఐజీఏ పేరుకున్న చోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు వచ్చి చేరతాయి. క్రిమిని చంపడానికి దాచుకున్న ఎంజైములను అవి అక్కడ గుమ్మరిస్తాయి. క్రిమి లేదు కనుక ఆ ఎంజైములు పోగులనే కొరికేస్తాయి. పట్టు తప్పిన పై పొర లేస్తుంది, కింద నీరు చేరుతుంది.

పై పొర మొత్తం చెక్కుచెదరకుండా బొబ్బకు కప్పుగా ఉండటం వల్ల ఈ బొబ్బ గట్టిగా, నిండుగా, వేలితో నొక్కినా వెంటనే చితకకుండా ఉంటుంది. వైద్యులు కంటితో చూసి చేసే మొదటి అంచనాకు ఈ బిగువే ఆధారం.

రెండో ఆధారం బొబ్బల అమరిక. పాత బొబ్బ చితికి, మధ్యలో పక్కు కట్టి మానుతూ ఉండగా దాని అంచు చుట్టూ కొత్త చిన్న బొబ్బలు వరసగా లేస్తాయి. చూడటానికి ముత్యాల సరాన్ని గుండ్రంగా పేర్చినట్టుంటుంది. పొత్తికడుపు కింది భాగం, గజ్జలు, పిరుదులు, తొడల లోపలి వైపు, నోటి చుట్టూ, కనురెప్పల మీద ఇవి ఎక్కువ. దురద ఉంటుంది. కొందరు పిల్లల్ని అది రాత్రి నిద్ర పోనివ్వదు, కొందరిలో పెద్దగా తెలియదు. ఎక్కువగా అయిదేళ్లలోపు మొదలవుతుంది.

1979 వరకు ఈ వ్యాధికి విడిగా గుర్తింపు లేదు. గోధుమలోని గ్లూటెన్ పడని వారికి వచ్చే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ అనే బొబ్బల జబ్బుతో కలిపి చూసేవారు. ఆ ఏడాది పోలండ్ వైద్యులు ఖోర్జెల్‌స్కీ, యబ్లోన్‌స్కా చర్మంలో ఐజీఏ పేరుకునే తీరును బట్టి పిల్లల వ్యాధిని వేరుచేసి చూపారు. గ్లూటెన్ జబ్బులో ఐజీఏ రవ్వ చల్లినట్టు చుక్కలుగా ఉంటుంది, ఇందులో గీతగా ఉంటుంది. ఈ తేడా తిండి విషయంలోనూ పనికొస్తుంది. లీనియర్ ఐజీఏ వ్యాధికి గోధుమ మానేయడం వల్ల సాధారణంగా ప్రయోజనం ఉండదు. వంకాయ, గుడ్డు, ఎండుచేప, గోంగూర మానిపించి పిల్లవాడికి చారన్నమే పెట్టడం వల్ల అసలే ఉండదు. బొబ్బల నుంచి నీరు, ప్రొటీన్ కారిపోతున్న పిల్లవాడికి పథ్యం పేరిట గుడ్డు, పప్పు, చేప ఆపేయడం పుండు మానడాన్నే ఆలస్యం చేస్తుంది.

ఒకేలా కనబడే జబ్బులు, వేరువేరు కారణాలు

పిల్లల్లో బొబ్బలకు అన్నిటికన్నా సాధారణ కారణం స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే ఇంపెటైగో. వేసవిలోను, వర్షాల మొదట్లోను తీరప్రాంతపు ఉక్కపోతకు ఇది ఊళ్లలో పిల్లల నుంచి పిల్లలకు పాకుతుంది. ఈ బాక్టీరియా విడుదల చేసే విషపదార్థం డెస్మోగ్లీన్-1 అనే ప్రొటీన్‌ను తెగ్గొడుతుంది. బాహ్యచర్మంలో పైభాగపు కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచే జిగురు అది. పెంఫిగస్ ఫోలియేషియస్ అనే ఆటో ఇమ్యూన్ వ్యాధిలో యాంటీబాడీలు దాడిచేసేది సరిగ్గా ఆ జిగురు మీదే. అంటే బాక్టీరియా ఒక పక్క నుంచి, శరీరం మరో పక్క నుంచి ఒకే కుట్టును విప్పుతున్నాయి. ఈ సంగతి 2000లో స్పష్టమైంది. రెండింటిలోనూ పొర చాలా పైపైన విడిపోతుంది కాబట్టి బొబ్బ కప్పు కాగితంలా పల్చగా ఉండి ఇట్టే చితుకుతుంది. ఇంపెటైగో అయితే సరైన యాంటీబయాటిక్‌తో వారం పది రోజుల్లో మానిపోవాలి. మానకపోయినా, మానిన చోటే మళ్లీ వచ్చినా, అదే మందును రెండోసారి, మూడోసారి వాడటం కన్నా రోగనిర్ధారణనే మళ్లీ ప్రశ్నించుకోవడం మంచిది.

పెంఫిగస్ వల్గారిస్ పెద్దల్లో ఎక్కువ, పిల్లల్లో చాలా తక్కువ. అందులో నోట్లో పుండ్లతో మొదలవడం మామూలు, బొబ్బలు వదులుగా ఉంటాయి. పసికందుల్లో, ముఖ్యంగా ఏడాదిలోపు, అరచేతులు అరికాళ్ల మీద గట్టి బొబ్బలు లేస్తే బుల్లస్ పెంఫిగాయిడ్‌ను అనుమానిస్తారు. అక్కడా లక్ష్యం పదిహేడో రకం కొల్లాజెనే, కాని యాంటీబాడీ ఐజీజీ రకం. అదే కొల్లాజెన్ తయారీకి ఆదేశమిచ్చే జన్యువులోనే లోపముంటే పుట్టినప్పటి నుంచీ చిన్న రాపిడికే చర్మం లేచిపోయే ఎపిడెర్మోలైసిస్ బులోసా వస్తుంది. ఎపిడెర్మోలైసిస్ బులోసా జన్యువుల్లోంచి వచ్చినది, లీనియర్ ఐజీఏ వ్యాధి నడుమ వచ్చినది. మొదటిది పూర్తిగా పోయేది కాదు, రెండోది ఎక్కువ మందిలో పోతుంది. కాబట్టి కుటుంబానికి ఈ రెండింట్లో ఏది అని తేల్చి చెప్పడం చిన్న విషయం కాదు.

సర్పి ఒంటికి ఒకవైపే, ఒక నరం దారి వెంట పట్టీలా వస్తుంది, నొప్పి ఎక్కువ. గజ్జి వేళ్ల సందుల్లో మొదలై, రాత్రిపూట దురద పెరిగి, ఇంట్లో నలుగురికీ అంటుకుంటుంది. లీనియర్ ఐజీఏ వ్యాధిలో ఇంట్లో ఒక్క బిడ్డకే బొబ్బలుంటాయి, పక్కలో పడుకున్న చెల్లికి ఏమీ రాదు. వైద్యుడు అడగకముందే తల్లి ఈ మాట చెప్పగలిగితే దారి సగం తేలికవుతుంది.

రెండు సీసాల పరీక్ష

అంచనా ఎంత బలంగా ఉన్నా నిర్ధారణకు చర్మపు ముక్క కావాలి. మత్తు సూది ఇచ్చి, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి పరికరంతో రెండు ముక్కలు తీస్తారు. ఒకటి కొత్త బొబ్బ అంచున. దీన్ని ఫార్మలిన్‌లో వేస్తారు. మామూలు మైక్రోస్కోపు కింద పొర ఎక్కడ విడిపోయిందో, ఏ కణాలు చేరాయో ఇది చెబుతుంది. రెండోది బొబ్బకు ఆనుకుని పైకి బాగానే కనబడుతున్న చర్మం నుంచి. దీన్ని డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరెసెన్స్ అనే పరీక్షకు పంపుతారు. ఐజీఏకు అంటుకునే మెరుపు రంగును ఆ ముక్క మీద వేసి ప్రత్యేక మైక్రోస్కోపులో చూసినప్పుడు, నల్లటి నేపథ్యంలో రెండు పొరల మధ్య లేత ఆకుపచ్చ గీత ఒకటి ఆగకుండా సాగుతూ కనబడుతుంది. ఆ గీతే రుజువు.

బొబ్బ మీద నుంచే ముక్క తీస్తే అక్కడి ఎంజైములు యాంటీబాడీని కూడా తినేసి ఉంటాయి కాబట్టి గీత కనబడకపోవచ్చు. అంతకన్నా ఎక్కువగా జరిగే పొరపాటు సీసాది. ఫార్మలిన్ ప్రొటీన్ల ఆకారాన్ని బిగదీసి పాడుచేస్తుంది. రెండు ముక్కలనూ అలవాటు కొద్దీ ఫార్మలిన్‌లోనే వేసి పంపితే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష అక్కడితో అయిపోయినట్టే, బిడ్డకు మళ్లీ సూది, మళ్లీ కోత. రెండో ముక్కకు మిషెల్ ద్రవం కావాలి. అందులో వేస్తే రోజుల తరబడి చెడకుండా ఉంటుంది. అది అందుబాటులో లేకపోతే, ఒక రోజులో ప్రయోగశాలకు చేర్చగలిగితే, ప్రతి ఆసుపత్రిలో ఉండే మామూలు సెలైన్ సరిపోతుంది.

ఈ ప్రాంతానికి సంబంధించి ఈ చివరి వాక్యం చాలా ముఖ్యం. ఇమ్యునోఫ్లోరెసెన్స్ చేసే సదుపాయం ప్రతి ఊళ్లో ఉండేది కాదు, ముక్క ప్రయాణించాలి. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం నూట పది కిలోమీటర్లు, విజయనగరం నుంచి అరవై. ఇచ్ఛాపురం నుంచి అయితే రెండు వందల కిలోమీటర్లకు పైనే, అందుకే కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వాళ్లు వైద్యానికి ఒడిశాలోని బరంపురం వెళ్లడం ఎప్పటి నుంచో ఉంది. బిడ్డను తిప్పలేని పరిస్థితిలో ముక్కను తిప్పవచ్చు. పొద్దున తీసిన ముక్కను సెలైన్‌లో వేసి, మూత బిగించి, పేరు, తేదీ, ఎక్కడి నుంచి తీసిందీ రాసి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కిస్తే సాయంత్రానికి విశాఖ చేరుతుంది. ఎక్కువ ఖర్చు లేకుండా ఆలస్యాన్ని తగ్గించగల ఒకే ఒక్క మార్పు చెప్పమంటే, జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో చర్మపు ముక్క తీసే గదిలో ఆ రెండో సీసా సిద్ధంగా ఉండటమే. పరీక్ష అడిగే వైద్యుడు, ముక్క తీసే వైద్యుడు, సీసా సర్దే సిబ్బంది వేరువేరు వ్యక్తులైన చోట ఏ ముక్క ఏ సీసాలోకి అన్నది కాగితం మీద రాసి ఉండాలి.

డాప్సోన్: పేరు చూసి భయపడే మందు

ఈ వ్యాధికి మొదటి మందు డాప్సోన్. 1908లో జర్మనీలో తొలిసారి తయారైన ఈ రసాయనం 1940ల నుంచి కుష్ఠువ్యాధి చికిత్సలోకి వచ్చింది. ఇప్పుడు కుష్ఠుకు ఇచ్చే బహుళ ఔషధ చికిత్సలోనూ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్‌లతో పాటు ఇది ఉంటుంది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉన్న ప్రాంతం ఇది. ఇక్కడి పాతతరానికి ఆ మాత్ర పేరు, దానితో ముడిపడిన వెలి రెండూ తెలుసు. బిడ్డ చీటీలో డాప్సోన్ అని చూసి, మందుల దుకాణంలోనో, ఫోనులో వెతికో అది కుష్ఠు మందని తెలుసుకుని, ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేసే కుటుంబాలుంటాయి. అందుకే చీటీ ఇచ్చే క్షణంలోనే, అడగకముందే, ఈ మందు ఇక్కడ ఎందుకు పనిచేస్తుందో చెప్పడం వైద్యంలో భాగం.

కుష్ఠులో డాప్సోన్ బాక్టీరియా పెరుగుదలను ఆపుతుంది. లీనియర్ ఐజీఏ వ్యాధిలో బాక్టీరియా ప్రసక్తే లేదు. ఇక్కడ అది న్యూట్రోఫిల్ కణాలు చర్మంలోకి చేరడాన్ని, అవి విషపూరిత రసాయనాలు తయారుచేసే ఎంజైము పనిని అడ్డుకుంటుంది. అంటే ఒకే మందు రెండు జబ్బుల్లో రెండు వేరు పనులు చేస్తోంది. ఈ వివరణ నుంచే మరో సంగతి తేలుతుంది. డాప్సోన్ యాంటీబాడీల తయారీని ఆపదు. గీత అలాగే ఉంటుంది, దాని మీదికి వచ్చే సైన్యం మాత్రమే ఆగుతుంది. అందువల్లే మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే కొత్త బొబ్బలు ఆగిపోతాయి, నయమైందనుకుని ఆపేస్తే అంతే త్వరగా తిరిగొస్తాయి. తిరిగొచ్చినప్పుడు మందు పనిచేయలేదని అనుకోవడం సహజం, కాని నిజానికి అది మందు పనిచేసిందనడానికే గుర్తు.

మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. సాధారణంగా కిలోకు రోజుకు అర మిల్లీగ్రాము దగ్గర మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుతారు. పదిహేను కిలోల బిడ్డకు మొదట్లో రోజుకు ఏడెనిమిది మిల్లీగ్రాములు. పెద్దలకు ఇచ్చేది వంద మిల్లీగ్రాముల మాత్ర. దాన్ని ఇంట్లో కత్తిపీట మీద ముక్కలు చేసి, కనుకొలతతో ఇవ్వడం ప్రమాదకరం. తక్కువ బలమున్న మాత్రలు దొరుకుతాయేమో అడగడం, లేకపోతే పొడి చేసి సమభాగాలు చేసే విధానాన్ని వైద్యుడి దగ్గరో ఫార్మసిస్టు దగ్గరో చూసి నేర్చుకోవడం అవసరం. కుష్ఠు చికిత్సకు ఇచ్చే మందుల ప్యాకెట్ దీనికి పనికిరాదు, అందులో ఈ బిడ్డకు అక్కర్లేని మందులూ ఉంటాయి.

జీ6పీడీ పరీక్ష ఎందుకు ఆగకూడదు

డాప్సోన్ శరీరంలో మారే క్రమంలో ఎర్రరక్తకణాల మీద ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి కణాలకు జీ6పీడీ అనే ఎంజైము కావాలి. అది పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డకు డాప్సోన్ ఇస్తే ఎర్రకణాలు గుంపులుగా పగిలిపోయి, కొద్ది రోజుల్లోనే ఒళ్లు పాలిపోయి, కళ్లు పచ్చబడి, మూత్రం నల్లటి టీ డికాక్షన్‌లా వస్తుంది. ఈ లోపం తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది, అందుకే మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది.

మలేరియా తరతరాలుగా ఉన్న చోట్ల ఈ లోపం ఎక్కువగా ఉండటం ప్రపంచమంతటా గమనించిన విషయం. మలేరియా పరాన్నజీవి నుంచి అది కొంత రక్షణ ఇచ్చిందని శాస్త్రవేత్తల వివరణ. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాగా ఏర్పడిన సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ మండలాలు, శ్రీకాకుళం జిల్లాలోనే మిగిలిన మందస, మెళియాపుట్టి కొండవాలు పల్లెలు మలేరియా చరిత్ర ఉన్నవే. అక్కడి సవర, జాతాపు పిల్లల విషయంలో ఈ పరీక్షను లాంఛనంగా తీసుకోకూడదు. మైదానంలోని బిడ్డకు మాత్రం వద్దని దీని అర్థం కాదు. పరీక్ష అందరికీ చేయాలి. రక్తకణాలు పగిలే దశలో చేస్తే ఫలితం తప్పుగా మామూలుగా కనబడవచ్చు, కాబట్టి మందుకు ముందే చేయించాలి.

జీ6పీడీ సరిగా ఉన్న బిడ్డలోనూ డాప్సోన్ వల్ల హిమోగ్లోబిన్ కొంత తగ్గుతుంది. అందుకే మొదటి నెలలో వారానికోసారి, తరవాత ఎడం పెంచుతూ రక్తపరీక్షలు, కాలేయ పరీక్షలు చేయిస్తారు. మరొక మార్పు తల్లిదండ్రులను కంగారు పెట్టేది: పెదవులు, గోళ్లు కాస్త నీలంగా కనబడటం. హిమోగ్లోబిన్‌లో కొంత భాగం ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారడమే కారణం. అప్పుడు వేలికి పెట్టే ఆక్సిమీటర్ తొంభైకి దిగువ అంకె చూపించవచ్చు, ఆక్సిజన్ పెట్టినా అంకె పెరగదు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నా అంకె అలా వస్తోందంటే డాప్సోన్ సంగతి అక్కడున్న వైద్యుడికి చెప్పాలి. ఈ బిడ్డల మందుల చీటీ ఎప్పుడూ వెంట ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. మొదటి మూడు నెలల్లో జ్వరం, గొంతునొప్పి వచ్చినా, జ్వరంతో పాటు ఒళ్లంతా దద్దుర్లు, కామెర్లు కనబడినా, మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మొదటిది తెల్లకణాలు పడిపోవడానికి, రెండోది డాప్సోన్ పడకపోవడానికి సంకేతం కావచ్చు. రెండోదానికి హెచ్‌ఎల్‌ఏ-బి 13:01 అనే జన్యుభేదంతో సంబంధం ఉందని 2013లో చైనా పరిశోధకులు గుర్తించారు.

జీ6పీడీ లోపమున్న బిడ్డకు దారులు మూసుకుపోవు. కోల్చిసిన్ గానీ, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు గానీ కొందరిలో పనిచేస్తాయి. ఎరిత్రోమైసిన్ ఇక్కడ క్రిమిని చంపడం కన్నా వాపును తగ్గించే గుణంతోనే సాయపడుతుందని భావిస్తారు.

స్టెరాయిడ్ల గురించి కూడా చెప్పుకోవాలి. ప్రెడ్నిసొలోన్ తీవ్రంగా ఉన్న రోజుల్లో డాప్సోన్‌కు తోడుగా, తక్కువ కాలానికి అవసరమవుతుంది. నిర్ధారణ లేకుండా ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ సూది, మందుల దుకాణంలో దొరికే స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ట్యూబు కొద్ది రోజులు బొబ్బలను అణచి, ఆపగానే రెట్టింపుగా తెప్పిస్తాయి. నెలల తరబడి సాగితే బిడ్డ ముఖం ఉబ్బుతుంది, ఎదుగుదల మందగిస్తుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ప్రమాదం.

ఇంట్లో, అంగన్‌వాడీలో

పెద్ద బొబ్బ నొప్పి పెడుతుంటే శుభ్రమైన సూదితో నీరు తీసి, కప్పును అలాగే ఉంచాలి. ఆ కప్పే కింది పచ్చి చర్మానికి కట్టు. పసుపు, బూడిద, పసరు వేస్తే పుండు చీము పడుతుంది, మచ్చ మిగులుతుంది. అవేవీ వేయకపోతే చర్మం మీద సాధారణంగా మచ్చ మిగలదు, కొన్ని నెలలు రంగు మాత్రం తేడాగా ఉంటుంది. వాజిలిన్ పల్చగా రాసి, అంటుకోని గుడ్డతో కప్పి, వదులైన నూలు బట్టలు వేస్తే చాలు. కళ్లు ఎర్రబడినా, నీరు కారినా, వెలుతురు చూడలేకపోతున్నా కంటి వైద్యుడికి వెంటనే చూపించాలి. చర్మంలో మిగలని మచ్చ కంటిలో మిగులుతుంది. స్టెరాయిడ్ వాడుతున్న బిడ్డకు మీజిల్స్-రూబెల్లా వంటి టీకా వేసే ముందు ఆ సంగతి ఏఎన్‌ఎమ్‌కు చెప్పాలి.

అంగన్‌వాడీ నుంచి, బడి నుంచి ఈ పిల్లల్ని దూరంగా ఉంచడానికి వైద్యపరమైన కారణం లేదు. గిన్నె పంచుకున్నా, పక్కన కూర్చున్నా, బొబ్బ నీరు తగిలినా ఎవరికీ రాదు. తరవాతి కాన్పులో పుట్టే బిడ్డకు వస్తుందేమోనన్న భయానికీ ఆధారం లేదు. నీరు కారుతున్న చోట గుడ్డ కప్పి పంపడం, వైద్యుడు రాసిచ్చిన ‘అంటువ్యాధి కాదు’ అన్న రెండు ముక్కలు టీచరు దగ్గర ఉంచడం బిడ్డ చదువును కాపాడుతుంది.

ఎంతకాలం

చాలామంది పిల్లల్లో రెండు నుంచి నాలుగేళ్లలో, దాదాపుగా యుక్తవయసు రాకముందే, ఈ వ్యాధి ఆగిపోతుంది. యాంటీబాడీల తయారీ ఎందుకు ఆగుతుందో ఇంకా తేలలేదు. కొద్దిమందిలో పెద్దయ్యాకా కొనసాగుతుంది. అందువల్ల వైద్యులు ఏడాదికోసారి, రెండుసార్లు మోతాదును కాస్త తగ్గించి చూస్తారు. కొన్ని రోజుల్లో పొత్తికడుపు మీద పాత మచ్చ అంచున ఒక చిన్న బొబ్బ లేస్తే పాత మోతాదుకే తిరిగి వెళతారు. ఏమీ లేవకపోతే ఇంకాస్త తగ్గిస్తారు. ఆ వారాల్లో ప్రతిరోజూ స్నానం చేయించేటప్పుడు నడుము, తొడలు, నోటి చుట్టూ చూసుకుని, కొత్త బొబ్బ లేచిన తేదీని గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని వచ్చే తల్లి, వైద్యుడికి ఏ ప్రయోగశాలా ఇవ్వలేని సమాచారం ఇస్తుంది.